బోనీ: ఏమీ పండని నేల, పడి లేచిన రేవు

నైజీరియాలోని రివర్స్ రాష్ట్రంలో 23 స్థానిక ప్రభుత్వ ప్రాంతాలున్నాయి. వాటిలో బోనీ సముద్రపు అంచున, నైజర్ డెల్టా కొసన ఉంటుంది. మడ అడవులు, ఉప్పునీటి పాయలు, ఇసుక నేల. ఇక్కడి ఇబానీలకు చేపలూ ఉప్పూ దొరికేవి గానీ, పెండలం దుంపలు మాత్రం ఎగువ నుంచి పడవల్లో రావలసిందే. అయినా 18వ శతాబ్దానికి బోనీ పెద్ద రేవైంది. నదీ ముఖద్వారం దాని చేతిలో ఉండటమే కారణం.

ఆ రేవు అమ్మింది మనుషుల్ని. ఎగువన ఇగ్బో ప్రాంతం నుంచి తెచ్చినవారిని ఓడలకెక్కించారు. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించినా అది వెంటనే ఆగలేదు. ఈలోగా సబ్బుకీ యంత్రాల కందెనకీ పామాయిల్ గిరాకీ పెరిగింది. సరుకు మారింది, దళారులు మారలేదు.

ఈ వ్యాపారాన్ని నడిపినవి 'ఇళ్లు'. ఒక్కో ఇల్లు ఒక్కో యుద్ధపడవను నడపగల బలగం. కొనితెచ్చిన బానిస కూడా ఇంటి మనిషే అయ్యేవాడు, సత్తా ఉంటే ఇంటిపెద్దా కాగలిగేవాడు. దీన్ని ఉదారత అనుకోనక్కర్లేదు, పడవకు తెడ్లు వేసే చేతులు కావాలి మరి. అలా కలిసిపోయినవారి వల్లే బోనీలో ఇగ్బో భాష ఈనాటికీ గట్టిగా వినిపిస్తుంది. బానిసగా వచ్చిన ఇగ్బో కుర్రాడు జాజా 1863లో అన్నా పెపుల్ ఇంటికి పెద్దయ్యాడు. మానిల్లా పెపుల్ ఇంటితో 1869లో యుద్ధం వచ్చాక తనవాళ్లతో తూర్పుకు తరలి ఒపోబోను స్థాపించాడు. ఎగువ సంతలకు వెళ్లే దారి ఒపోబో చేతికి చిక్కింది. బోనీ ఆదాయం పడిపోయింది. అయితే 1887లో బ్రిటిష్‌వాళ్లు జాజానూ పట్టుకుని ప్రవాసం పంపారు. దళారి అక్కర్లేదని వాళ్లు అప్పటికే తేల్చుకున్నారు.

తర్వాత పోర్ట్ హార్‌కోర్ట్ రేవు, దాని రైలుమార్గం వచ్చాయి. బోనీ మూలనపడింది.

మళ్లీ లేపింది పెట్రోలియం. డెల్టాలో తీసిన ముడిచమురు 1960ల నుంచి బోనీ టెర్మినల్ గుండా వెళ్తోంది. 1999లో ద్రవీకృత సహజవాయువు ఎగుమతి మొదలైంది. వాయువును ద్రవీకరించే ప్లాంటు కోసం పాత ఫినిమా గ్రామాన్ని వేరేచోటికి తరలించారు. ఇంత ఇంధనం దాటిపోయే దీవికి ప్రధాన భూభాగం నుంచి చాలాకాలం రోడ్డు లేదు. పోర్ట్ హార్‌కోర్ట్ వెళ్లాలంటే పడవే దిక్కుగా ఉండేది. బోడో–బోనీ రోడ్డు పని 2017లో మొదలైంది. ఖర్చులో సగం భరిస్తానని ముందుకొచ్చింది ఆ ప్లాంటును నడిపే గ్యాస్ సంస్థే.