గోదావరీతీరమున ఇంగ్లీషు చదువు



మన పిల్లలు పదియేండ్లు ఇంగ్లీషు చదివియు ఆ భాషలో నొక జాబును స్వంతముగా వ్రాయలేకున్నారని గ్రామములలోని పెద్దలు విచారించుచున్నారు. పోలవరము చుట్టుపట్ల బళ్లలో ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పిన నాకును ఈ విచారము క్రొత్తది కాదు. అయితే ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. దీనికి రెండువందల యేండ్ల చరిత్ర కలదు. మనవారు ఈ భాషను ఎట్లు నేర్చిరో, ఎచ్చట కృతార్థులైరో, ఎచ్చట చతికిలబడిరో తెలిసికొన్నచో, నేడు చేయవలసిన పని మనకే తేటపడును.

కంపెనీ దొరతనము తొలినాళ్లలో ఇంగ్లీషు నేర్చిన ఆంధ్రులు చాలవఱకు కచేరీలలోను, దొరల కొలువులోను నేర్చినవారు. ఏలూరివారైన కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యనువారు, కర్నలు మెకంజీ దొరయొద్ద పనిచేసి దేశచరిత్రకు కావలసిన శాసనములను, కైఫియతులను సేకరించిరి. వారిలో రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రమును ఇంగ్లీషున రచించి కలకత్తాలో ప్రకటించెను. వీరు సంస్కృతాంధ్రములలో గట్టివారై, ఆ బలముతోనే పరభాషను పట్టిరి.

ఒంగోలు ప్రాంతమువాడైన వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784-1839) ఇంగ్లీషు నేర్చి మదరాసు సదరు అదాలతు కోర్టులో అనువాదకుడయ్యెను. ఆయన ఇంగ్లీషున వ్రాసికొన్న స్వీయచరిత్రము 1873లో అచ్చయినది. ఆయన 1820లో మదరాసు స్కూలుబుక్కు సొసైటీవారికి పాఠశాలల స్థితినిగూర్చి విన్నవించుచు, పిల్లలు పద్యములను వల్లెవేయుచున్నారే కాని అర్థమెఱుగరనియు, తమ భాషకు వ్యాకరణము నేర్వరనియు తెలిపెను. ఆ మాట ఇంగ్లీషు పాఠమునకు నేటికిని చెల్లును.

1835లో మెకాలే దొర సలహాపై బెంటింకు ప్రభువు సర్కారు ధనమును ఇంగ్లీషు చదువుపై వినియోగింప నిర్ణయించెను. మన సీమలో 1843లో బందరున నోబిలుదొర ఇంగ్లీషుబడిని స్థాపించెను. రాజమహేంద్రవరమున 1853లో జిల్లా స్కూలు వెలసి, 1873 నాటికి ప్రొవిన్షియలు కాలేజి యయ్యెను. ఇవి యెల్లరు నెఱిగిన విషయములే. కాని ఈ జిల్లా రైతులు చేసిన వేఱొక ఘనకార్యము అనేకులకు తెలియదు.

ధవళేశ్వరముకడ కాటనుదొర ఆనకట్టపని 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసినది. నీరు పారినది, పంట పండినది, రైతుచేతిలో నాలుగు డబ్బులాడినవి. ఆ సమయమున రాజమహేంద్రవరము సబుకలెక్టరగు టెయిలరుదొర నరసాపురమునందును, సమీప పట్టణములందును బళ్లు పెట్టించెను. అవి చూచి చుట్టుపట్ల గ్రామములవారు తమ యూళ్లకును బళ్లు కావలెననియు, ఖర్చునకై శిస్తుపై నూటికింత చొప్పున తామే చెల్లింతుమనియు ముందునకు వచ్చిరి. ఎవ్వరును బలవంతపెట్టని పన్ను అది. వీనికే రేటు స్కూళ్లని పేరు. ఈ యేర్పాటునకు ఆధారము కల్పించుటకే మదరాసు ప్రభుత్వమువారు 1863లో ఎడ్యుకేషను ఆక్టు చేసిరి. అవి తెలుగు బళ్లు. తెలుగున చదువను, వ్రాయను, లెక్కకట్టను వచ్చిన పిల్లవాడే తరువాత పట్టణమునకు పోయి ఇంగ్లీషుబడిలో చేరెను. 1854 నాటి ఉడ్డుదొర విద్యాలేఖలోని యభిప్రాయమును ఇట్టిదే: సామాన్యజనులకు దేశభాష, పైచదువునకు ఇంగ్లీషు. పునాది తెలుగు, పై అంతస్తు ఇంగ్లీషు అన్నమాట.

1857లో మదరాసు విశ్వవిద్యాలయ మేర్పడినది. మెట్రిక్యులేషను పరీక్ష ఉద్యోగద్వారమయ్యెను. అక్కడనుండి చదువుకంటె పరీక్ష పెద్దదయ్యెను. మన పిల్లవాడు శబ్దమంజరిని వల్లించినట్లే ఇంగ్లీషు క్రియారూపములను వల్లించెను. అమరకోశమును పఠించినట్లే నిఘంటువులోని మాటలను పఠించెను. కంఠపాఠమును నేను నిందింపను. నేనును అట్లే చదివితిని. కాని మన పూర్వులు అమరముతో చదువు ముగించిరా? వెంటనే రఘువంశమును పట్టి, ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము చెప్పించిరి. మాటలు కోశములో నిద్రించును, కావ్యములో మేల్కొనును. ఇంగ్లీషు చదువులో మనము మొదటి మెట్టు నుంచుకొని రెండవదానిని విడిచితిమి.

ఆ రెండవ మెట్టును విడువనివారికి ఏమి ఫలము కలిగినదో కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) చూపిరి. రాజమహేంద్రవరమున తెలుగు పండితులైన ఆయన గోల్డుస్మిత్తుగారి వికారు ఆఫ్ వేకుఫీల్డు అను నవలను ముందుగా తెనిగింప నారంభించి, అది తృప్తినీయక విడిచి, ఆ త్రోవలోనే రాజశేఖర చరిత్రమను స్వతంత్ర గ్రంథమును వ్రాసిరి. అది 1878లో వివేకవర్ధనిలో వెలువడి, 1880లో పుస్తకమయ్యెను. అందలి మనుష్యులు మనవారు, ఊరు ధవళేశ్వరము. పరభాషాగ్రంథమును జీర్ణించుకొన్నవాడే అట్లు చేయగలడు.

ఇక వ్యాకరణము సంగతి. ఇంగ్లీషు వాక్యము మన పిల్లలకు ఏల కొఱుకుడుపడదు? దాని నడక మన వాక్యపు నడకకు ఎదురు. మనము "ఇంటిలో" అందుము. విభక్తి వెనుక వచ్చును. వారు "ఇన్ ద హౌస్" అందురు. ఆ పని చేయు మాట ముందు వచ్చును. మన క్రియ వాక్యము చివర కూర్చుండును. వారి క్రియ నడుమ నిలుచును. "రాముడు నా తమ్ముడు" అన్న మనకు వాక్యము ముగిసినది. వారికి నడుమ "ఈజ్" అను క్రియ లేక వాక్యమే కాదు. కావుననే మన పిల్లవాడు "ఈజ్" మఱచును. ఇది వాని మందబుద్ధి కాదు. వాని తెలుగు వానిచే అట్లు పలికించుచున్నది. ఈ భేదమును తెలుగులో ఒకమాఱు విప్పిచెప్పినచో వాడు మఱల తప్పడు.

దీనికి మన సంప్రదాయములోనే ఒక ఉపాయము కలదు. శ్లోకమునకు ఖండాన్వయము చెప్పునపుడు ముందుగా క్రియను పట్టుకొని, ఎవడు? దేనిని? ఎట్టివాడు? ఎక్కడ? అని యడుగుచు పోదుము. "ద బాయ్ హూ కేమ్ ఫ్రమ్ పోలవరం ఈజ్ మై బ్రదర్" అను వాక్యమును ఇట్లే విప్పవచ్చును. ప్రధానక్రియ ఏది? "ఈజ్." ఎవడు? "ద బాయ్." ఏమగును? "మై బ్రదర్." ఏ బాయ్? "హూ కేమ్ ఫ్రమ్ పోలవరం." తెలుగున "పోలవరమునుండి వచ్చిన పిల్లవాడు నా తమ్ముడు." వారు వెనుకకు వ్రేలాడదీసిన విశేషణమును మనము ముందు పెట్టితిమి, అంతే. ఎంత పొడుగు వాక్యమైనను ఈ ప్రశ్నలకు లొంగును. నా తరగతిలో ఈ పద్ధతి అలవడిన పిల్లలు గైడు లేకయే క్రొత్త పాఠమును చదువుకొనుట నేను చూచితిని.

పదముల విషయమునను భయము వలదు. భాషలు ఇచ్చిపుచ్చుకొనును. మనము కలెక్టరు, రైలు, కోర్టు పుచ్చుకొంటిమి. వారు మన పందికొక్కును "బాండికూట్" అని తమ నిఘంటువులో చేర్చుకొనిరి. మన ఆనకట్టకు తోబుట్టువైన అరవమాట "ఆనికట్" అయి వారి ఇంజనీర్ల నోట నిలిచినది. బంగాళాదేశమున ఢాకాలో పనిచేసిన మైకేలు వెస్టుదొర 1920ల నాటికే ఒక తత్త్వమును గుర్తించెను: పిల్లవానికి క్రొత్త మాటలు కొన్నిటినే యిచ్చి, అవియే మఱల మఱల తగులునట్లు కథలు చదివించినచో, వాడు చదువుచునే నేర్చును. 1953లో ఆయన ప్రకటించిన ముఖ్యపదముల పట్టికలో మాటలు ఇంచుమించు రెండువేలే. ఇరువదివేల మాటల జాబితాకంటె చక్కగా వాడనేర్చిన రెండువేలు మేలు.

స్వాతంత్ర్యానంతరము 1958లో హైదరాబాదున ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థ నెలకొని ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. అయినను పరీక్ష తన పట్టు విడువలేదు. ప్రశ్నకు జవాబు గైడులో దొరకును, ఖాళీలో పెట్టవలసిన మాట ముందే తెలియును, అర్థమడుగువాడు లేడు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సర్కారు బళ్లలో చిన్నతరగతులనుండి ఇంగ్లీషునే మాధ్యమముగా చేయ నుత్తరువిచ్చెను. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. పిమ్మటను వాదము సాగినది. పేదబిడ్డకు ఇంగ్లీషు అందవలెనను కోరిక న్యాయమైనదే. దానిని నేను కాదనను. అందించు మార్గమే ప్రశ్న.

మా పోలవరము మన్యమునకు వాకిలి. కొండలమీది కోయబిడ్డ ఇంట కోయభాష నాడును. వానికి తెలుగే రెండవ భాష. వానిముందు తెలుగు విప్పక ఇంగ్లీషు పెట్టినచో, తాళము వేసిన గదికి మఱియొక తాళము వేసినట్లగును. వాని భాషలో ఒకమాట అర్థము చెప్పినచో రెండు తలుపులును తెఱచుకొనును. పుస్తకము వానిచేతిలో నిలుచునా, జాఱునా యనునది అక్కడనే తేలును.

చీనాదేశమును చూడుడు. అక్కడ ఉన్నత పాఠశాల ముగించు విద్యార్థులు వ్రాయు ప్రవేశపరీక్షలో చైనాభాష, గణితము, ఇంగ్లీషు మూడును ప్రధానములు. సాధారణముగా ఒక్కొక్కదానికి 150 మార్కులు. వారును పదములు, వ్యాకరణము, వాచకము రేయింబవళ్లు సాధన చేయుదురు; పరీక్షాభారము వారికిని తక్కువ కాదు. కాని అక్కడి సాధారణ పాఠశాలలలో గణితమును, శాస్త్రమును తమ భాషలోనే చదువుదురు. స్వభాషను విడువకయు ఇంగ్లీషును గట్టిగా పట్టవచ్చుననుట కిది నిదర్శనము.

పెద్దలారా! ఒకనాడు మన తాతలు శిస్తుపై రొక్కమిచ్చి బళ్లు పెట్టించుకొనిరి. నేడు మిమ్ము రొక్కమడుగను. మీకు ఇంగ్లీషు రాకున్నను చింతలేదు. సాయంకాలము దీపము పెట్టిన పిదప మనుమని, మనుమరాలిని చేరబిలిచి, ఆనాటి ఇంగ్లీషు పాఠమును తీయించి, "ఇందేమి చెప్పిరో తెలుగులో చెప్పు నాయనా" అని యడుగుడు. చెప్పగలిగిన చదువు వచ్చినట్లు. నీళ్లు నమలిన, మఱునాడు ఉపాధ్యాయుని అడుగుమని పంపుడు. ఇంటిలో పెద్దవారు తప్పక యడుగుదురని తెలిసిన పిల్లవాడు బడిలో అర్థము తెలిసికొనక ఇల్లు చేరడు.