వాల్తేరు ప్రయోగశాలలు: జయపురం లక్ష నుంచి కేంద్ర నిధుల దాకా

మద్రాసు శాసనసభ 1926లో చేసిన చట్టంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. అక్కడ సైన్సు చదువులకు ఊపిరి పోసింది జయపురం సంస్థానం. విక్రమదేవ వర్మ మహారాజు ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన విరాళానికి గుర్తుగానే సైన్స్, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరు పెట్టారు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న 1931-36 కాలంలో భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. ఒకరిది రామన్ ఎఫెక్ట్ మీద పరిశోధన, మరొకరిది మొక్కల రంగుద్రవ్యాల మీద. మంచి ఆచార్యులు, వారికి తగిన ప్రయోగశాల ఒకేసారి కుదరడంతో వాల్తేరు పేరు దేశమంతా తెలిసింది.

రెండో ప్రపంచయుద్ధం ఈ నడకకు అడ్డుపడింది. విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు మారవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ సాయం కొత్త రూపాల్లో అందింది. 1952లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చినప్పుడు భారత నౌకాదళం తన ఓడలను ఇచ్చి తోడ్పడింది. వాటి మీద వెళ్లి ఆచార్యులు, విద్యార్థులు బంగాళాఖాతం నీటి ఉష్ణోగ్రతలను, లవణీయతను కొలిచారు. ఒక విశ్వవిద్యాలయం సొంతంగా కొనడం కష్టమైన పరికరం ఓడ. ప్రభుత్వం అది సమకూర్చినందువల్లే మన తీరంలో సముద్ర విజ్ఞానం వేళ్లూనుకుంది.

1953లో ఏర్పడిన విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ) 1956లో చట్టబద్ధత వచ్చింది. ఆ తర్వాత భవనాలకు, పరికరాలకు ప్రణాళిక నిధులు రావడం మొదలైంది. 2000లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఫిస్ట్ పథకం తెచ్చి, పరికరాల కోసం విభాగాలకే నేరుగా సాయం చేసే దారి వేసింది. 2013లో ఉన్నత విద్య కోసం వచ్చిన కేంద్ర పథకం రూసాలో చాలా రాష్ట్రాలకు కేంద్రం వాటా మొదట 65 శాతం, రాష్ట్రం వాటా 35 శాతం. రాష్ట్రం వాటా ఆలస్యమైతే పనీ ఆలస్యమయ్యేది.

పరికరం కొన్నంత మాత్రాన ప్రయోగశాల నడవదు. అణువుల నిర్మాణాన్ని తెలిపే ఎన్‌ఎంఆర్ యంత్రానికి ద్రవ హీలియం క్రమం తప్పకుండా పోయాలి. వారంటీ తీరాక వార్షిక నిర్వహణ ఒప్పందానికి (ఏఎంసీ) ఏటా డబ్బు కట్టాలి. ఆనుపానులు తెలిసిన టెక్నీషియన్ ఉండాలి. సముద్రపు ఉప్పుగాలి సోకే చోట ఈ జాగ్రత్తలు మరింత అవసరం. గ్రాంటు గడువు ముగిశాక ఈ ఖర్చులు విభాగం నెత్తిన పడతాయి. అక్కడే మంచి యంత్రాలు మూలన పడతాయి. యంత్రం ధరతో పాటు దాని పదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా మంజూరులోనే చేర్చడం ప్రభుత్వాలు చేయవలసిన మొదటి పని.

రెండోది పూర్వ విద్యార్థుల చేతిలో ఉంది. ఈ ప్రయోగశాలల్లో చదివి దేశవిదేశాల్లో స్థిరపడినవారు తమ విభాగం పేరిట మరమ్మతుల నిధి ఒకటి ఏర్పాటు చేయాలి. విశ్వవిద్యాలయ శతజయంతి గుర్తుగా ఆ పని మొదలుపెట్టండి.