నియంత పోయిన పిదప: ఇరాకు దేశచరిత్ర మనకు చెప్పునది

మన గ్రంథాలయము తలుపులు తెరచిన తొలి సంవత్సరములలోనే, ఇచటికి రెండువేల మైళ్లకు మించిన దూరమున మరియొక గ్రంథాలయము దగ్ధమయ్యెను. 2003 ఏప్రిల్ నెలలో బాగ్దాదు నగరమునందలి ఇరాకు జాతీయ గ్రంథాలయమును, దానితో చేరియున్న పురాతన పత్రభాండారమును దుండగులు దోచుకొని నిప్పుపెట్టిరి. తరతరములుగా కూర్చిన పత్రములు, గ్రంథములు పెక్కు బూడిదయ్యెను. ఇది ఏ శత్రువు దండెత్తివచ్చి చేసిన పని కాదు. ఆ దేశమును నియంత చెరనుండి విడిపింపవచ్చితిమని చెప్పిన విదేశసేన నగరములో నిలిచియుండగనే జరిగినది. రజతోత్సవ సంచికలో ఈ దూరదేశపు కథ యేల అని చదువరులు అడుగవచ్చును. ఆ మంటలు ఏల లేచెనో తెలిసికొన్నచో, స్వాతంత్ర్యము, ప్రజాస్వామ్యము అను మాటల బరువు మనకు మరింత తెలియగలదు.

నిజమునకు ఇరాకు మనకు కొత్త దేశము కాదు. మొహర్రము దినములలో మన పల్లెలలో హిందువులు, ముసల్మానులు కలిసి పీర్లను ఎత్తుకొని హసన్, హుస్సేనులను తలచుకొందురు. ఆ హుస్సేను 680వ సంవత్సరమున అమరుడైన కర్బలా క్షేత్రము ఇరాకులోనిదే. మొదటి ప్రపంచ యుద్ధమున ఆ నేలపై ఆంగ్లేయుల పక్షమున పోరాడినవారిలో భారతీయ సైనికులు పెద్ద సంఖ్యలో ఉండిరి. 1916 ఏప్రిల్‌లో కూత్ పట్టణమున తురుష్కులకు చిక్కిన సుమారు 13,000 మందిలో అధికసంఖ్యాకులు మనవారే. ఆ పిమ్మట 1932 వరకు ఇరాకులో చెలామణి అయినది మన రూపాయియే. 1990లో ఇరాకు సేన కువైటును ఆక్రమించినప్పుడు, బ్రతుకుతెరువునకై అచటికి పోయిన మన తెలుగువారు అనేకులు చేతికందిన మూటతో ఎడారి దాటి జోర్డాను చేరిరి. నాడు మన ప్రభుత్వము విమానములలో స్వదేశమునకు చేర్చిన భారతీయుల సంఖ్య 1,70,000కు తక్కువ కాదు.

ఇక ఆ దేశపు పుట్టుక చూతము. ఒట్టోమాను తురుష్క సామ్రాజ్యములో మోసుల్, బాగ్దాదు, బస్రా అను మూడు రాష్ట్రములు వేరువేరుగా ఉండెను. యుద్ధానంతరము ఆంగ్లేయులు వీటిని ఒక్కటిగా కూర్చి ఇరాకు అనిరి. 1917 మార్చిలో బాగ్దాదును పట్టుకొన్న ఆంగ్ల సేనాని మాడ్, తాము జయించుటకు గాక విముక్తి కలిగించుటకే వచ్చితిమని నగరవాసులకు ప్రకటన చేసెను. మూడేండ్లు గడచినను విముక్తి కానరాకపోవుటచే 1920లో ప్రజలు తిరుగబడిరి. ఆ తిరుగుబాటున షియాలు, సున్నీలు ఒకరి మసీదులలో ఒకరు చేరి ప్రార్థనలు సల్పిరి. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మతశాఖల వైరము ఆ నేలలో అనాదిగా పాతుకొన్నదనుట సత్యము కాదని ఇది చాటుచున్నది.

షియాలు, సున్నీలు ఇరువురును ముసల్మానులే. ప్రవక్త మహమ్మదు అనంతరము నాయకత్వము ఎవరికి చెందవలెనను వివాదమున ఈ రెండు శాఖలు ఏర్పడెను. ఇరాకులో షియాలు సగమునకు పైగా కలరు. ఉత్తరపు కొండలలోని కుర్దులు చాలవరకు సున్నీలే యైనను వారి భాష వేరు, జాతి వేరు. అయినను తురుష్కుల నాటి నుండి అధికారము సున్నీ అరబ్బుల చేతనే ఎక్కువగా ఉండెను. ఆంగ్లేయులు 1921లో ఫైజలును రాజుగా నిలిపినప్పుడును ఆ పద్ధతి మారలేదు. 1958 జూలైలో సైనికులు రాజకుటుంబమును చంపి రాజరికమును అంతమొందించిరి. 1968లో బాతు పార్టీ అధికారమును కైవసము చేసికొనెను. 1979లో ఆ పార్టీ నాయకుడు సద్దాము హుస్సేను దేశాధ్యక్షుడయ్యెను.

సద్దాము పాలన ఎట్టిదో చెప్పక ముందుకు సాగుట న్యాయము కాదు. 1980లో అతడు ఇరానుపై దండెత్తెను. ఎనిమిదేండ్లు సాగిన ఆ యుద్ధమున ఉభయదేశముల యువకులు లక్షల సంఖ్యలో మడిసిరి. 1988 మార్చి 16న హలబ్జా అను కుర్దు పట్టణముపై విషవాయువు ప్రయోగింపగా, సుమారు 5,000 మంది స్త్రీలు, శిశువులు, వృద్ధులు ఎక్కడివారక్కడనే కూలిపోయిరి. 1991లో కువైటు యుద్ధమున ఓడిన పిదప దక్షిణమున షియాలు, ఉత్తరమున కుర్దులు తిరుగబడిరి. తిరుగబడుడని ప్రోత్సహించిన అమెరికా అధ్యక్షుడు అప్పుడు చేతులు ముడుచుకొనెను. సద్దాము ఆ తిరుగుబాటును నెత్తుటిలో ముంచెను. ఆ తరువాత పండ్రెండేండ్లు ఐక్యరాజ్యసమితి ఆర్థిక ఆంక్షలు దేశమును కుంగదీసెను. అంతఃపురమున నియంత సుఖముగానే యుండెను. పస్తులున్నది పేదవాడు.

2003 మార్చి 20న అమెరికా, బ్రిటను సేనలు ఇరాకులో ప్రవేశించెను. ఆ దేశమున సర్వనాశక ఆయుధములు దాచబడియున్నవని చెప్పిరి. నియంతను తొలగించి ప్రజాస్వామ్యము నెలకొల్పుదుమనియు చెప్పిరి. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఈ దండయాత్రకు స్పష్టమైన అనుమతి నీయలేదు. ఏప్రిల్ 9న బాగ్దాదు పడిపోయెను. కూడలిలోని సద్దాము విగ్రహమును కూలద్రోసిరి. మూడు వారములలో యుద్ధము ముగిసినట్లే కనబడెను. ఆయుధములు మాత్రము ఎంత వెదకినను దొరకలేదు.

అసలు కష్టము అంతటితో మొదలయ్యెను. ప్రభుత్వము కూలిన మరునాటి నుండి కార్యాలయములు, ఆసుపత్రులు, పురావస్తుశాల దోపిడికి గురియయ్యెను. చమురు మంత్రిత్వ శాఖ భవనమునకు కావలి పెట్టిన సేన గ్రంథాలయమునకు పెట్టలేదు. పిమ్మట మే నెలలో పరిపాలకుడుగా వచ్చిన పాల్ బ్రెమర్ రెండు ఉత్తరువులు జారీచేసెను. మొదటిది, బాతు పార్టీలో పై శ్రేణులవారిని ఉద్యోగముల నుండి తొలగించుట. రెండవది, ఇరాకు సైన్యమును పూర్తిగా రద్దుచేయుట. సద్దాము కాలమున ఉద్యోగము కావలెనన్న పార్టీలో చేరక తప్పనందున, మొదటి ఉత్తరువుచే ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు సైతము వీధిన పడిరి. రెండవ ఉత్తరువుచే లక్షలమంది సైనికులు ఒక్కనాట జీతము, గౌరవము కోల్పోయిరి. వారి చేతులలో తుపాకులు మాత్రము మిగిలెను.

ఇది మన ఊరికి అన్వయించి చూచినచో సులభముగా బోధపడును. ఒక దుష్టుడైన పెత్తందారుని తొలగింపవలెనని కరణమును, నీరటిని, కావలివానిని, బడిపంతులును ఒక్కదినముననే వెడలగొట్టినచో ఏమగును? పొలము గట్టు తగవు తీర్చువాడుండడు. చెరువు తూము ఎత్తువాడుండడు. రాత్రివేళ తలుపు తట్టినవాడు దొంగయో దొరయో తెలియదు. అప్పుడు ప్రతివాడును తన కులమువారిని, తన వీధివారిని చేరి ప్రాణరక్షణ వెదకికొనును. ఇరాకులో జరిగినది ఇదియే. ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పుపెట్టినట్లు, నియంతపై కోపమున రాజ్యయంత్రమునే పగులగొట్టిరి. రక్షణ నిచ్చు రాజ్యము లేనప్పుడు మనుజుడు తన శాఖను, తన తెగను ఆశ్రయించెను. ఆ శాఖల సాయుధదళములే రాజ్యమయ్యెను.

రెండవ లోపము ప్రజాస్వామ్యమును నిర్మించిన తీరులో కలదు. 2003 జూలైలో ఏర్పరచిన 25 మంది పాలకమండలిలో 13 మంది షియాలు, ఐదుగురు సున్నీ అరబ్బులు, ఐదుగురు కుర్దులు, ఒక తుర్కుమాను, ఒక క్రైస్తవుడు అని లెక్కగట్టి స్థానములు పంచిరి. అందరికి న్యాయము జరుగవలెనను తలపు మంచిదే కావచ్చును. కాని నీవెవరవన్న ప్రశ్నకు ఇరాకీయుడనని చెప్పుకొనుటకంటె ఫలానా శాఖవాడనని చెప్పుకొనుటయే లాభకరమైన ఏర్పాటది. మంత్రిపదవులు శాఖల వాటాలయ్యెను. ప్రతి మంత్రిత్వ శాఖయు ఒక పార్టీ సొత్తయ్యెను.

ఇరాకు ప్రజలకు ప్రజాస్వామ్యముపై ఆసక్తి లేదని మాత్రము ఎవరును అనరాదు. రాజ్యాంగము వ్రాయువారిని పరదేశీయులు నియమింపరాదనియు, ప్రజలే ఎన్నుకొనవలెననియు పట్టుబట్టినవాడు వృద్ధ షియా మతగురువు ఆయతుల్లా అలీ సిస్తానీ. 2005 జనవరి 30న బాంబుల బెదిరింపులను లెక్కచేయక లక్షలాది స్త్రీపురుషులు ఓటువేసి, సిరా అంటిన వ్రేలిని ఎత్తి చూపిరి. కాని సున్నీలలో అత్యధికులు ఆ ఎన్నికలను బహిష్కరించిరి. ఒక పక్షము లేని సభ రాజ్యాంగమును వ్రాయబూనెను. పెట్టెలో ఓట్లు పడెనే గాని, ఓడినవాడు గెలిచినవానిని నమ్మి ఇంట నిదురింపగల విశ్వాసము పుట్టలేదు.

2006 ఫిబ్రవరి 22న సమర్రా పట్టణమున షియాలకు పవిత్రమైన అస్కరీ సమాధిమందిరపు బంగారు గుమ్మటమును పేల్చివేసిరి. అంతటితో అంతర్యుద్ధము భగ్గుమనెను. బాగ్దాదులో చిరకాలముగా షియాలు, సున్నీలు ఇరుగుపొరుగుననే వసించిరి, వియ్యమందిరి. ఇప్పుడు పేరును చూచి ప్రాణము తీయు దినములు వచ్చెను. పేటలు విడిపోయెను, నడుమ కాంక్రీటు గోడలు లేచెను. ఆ సంవత్సరము డిసెంబరు 30న సద్దామును ఉరితీసిరి. సున్నీలు బక్రీదు జరుపుకొను దినమది. న్యాయము జరిగినదని కొందరు, పగ తీర్చుకొనిరని కొందరు తలచిరి. అమెరికా సేనలు 2011 డిసెంబరులో వెడలిపోవునాటికి లక్షకు పైగా ఇరాకు పౌరులు హతులైరి. సుమారు 4,500 మంది అమెరికను సైనికులును మరణించిరి. 2014 జూన్‌లో మోసుల్ నగరము ఐసిస్ అను ఘోరముఠా వశమయ్యెను. రద్దయిన పాతసైన్యపు అధికారులు కొందరు ఆ ముఠాకు నాయకులైరి. నగరమును తిరిగి గెలుచుకొనుసరికి 2017 జూలై వచ్చెను. విశ్వవిద్యాలయ గ్రంథాలయము అప్పటికే దగ్ధమైయుండెను.

ఇచట ఎదుటివారి వాదమును కూడ వినవలెను. హలబ్జాలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి, మమ్ము చంపుచున్నప్పుడు లోకము చూచుచు ఊరకుండవలసినదేనా అని అడిగినచో మనము ఏమి చెప్పగలము? 1991 తరువాత కుర్దులు పరదేశ విమానముల రక్షణచేతనే తమ కొండలలో తలయెత్తుకొని బ్రతికిరి. ఆ ప్రశ్నకు తేలిక సమాధానము లేదు. దుష్టపాలన ఆ దేశపు సొంతవ్యవహారమని మొగము త్రిప్పుకొనుట ధర్మమని నేననను. కాని చంపువాని చేయి పట్టుకొనుట వేరు, ఇల్లంతయు కూలద్రోసి తిరిగి కట్టియిత్తుమనుట వేరు.

1945 తరువాత జపానులో పరాయిసేన ప్రజాస్వామ్యము నిలుపలేదా అని కొందరందురు. జపానులో 1890 నుండియే శాసనసభ యుండెను. 1925లో వయోజన పురుషులకు ఓటుహక్కు లభించెను. విజేతలు చక్రవర్తిని, సివిలు ఉద్యోగులను చాలవరకు నిలుపుకొనిరి. సైన్యమును రద్దుచేసినను, జపాను ప్రభుత్వము ద్వారానే సైనికులను క్రమముగా ఇండ్లకు పంపిరి. ఇరుగుపొరుగును చీల్చు మతశాఖల పోరు అచట లేదు. పూర్వమే వేరున్న మొక్కకు నీరు పోయుట యొకటి, వేరు తెంచి నాటుట మరియొకటి.

ఆశకు తావు లేకపోలేదు. 2019 అక్టోబరులో బాగ్దాదు మొదలు దక్షిణ పట్టణముల వరకు యువతీయువకులు వీధులకెక్కిరి. వారిలో అధికులు షియాలే; వారు నిలదీసినది షియా పార్టీల ప్రభుత్వమునే. శాఖల వాటాలు మాకు వలదు, మాకొక దేశము కావలెనని వారు కోరిరి. వందలకొలది యువకులు తుపాకి గుండ్లకు నేలకొరిగిరి. ప్రధానమంత్రి గద్దె దిగెను. ఏ పరదేశి సేనయు నేర్పని పాఠము వారు తమంత తామే నేర్చుకొనిరి. 1920లో కలిసి ప్రార్థించిన తాతల మాట మనుమల నోట మరల వినబడెను.

కాలిన గ్రంథాలయము మాటయు చెప్పి ముగింతును. కుర్దు చరిత్రకారుడు సాద్ ఎస్కందర్ దానికి అధిపతియై, షియా, సున్నీ, కుర్దు సిబ్బందితో మసిబారిన గదులను శుభ్రపరచి తలుపులు తెరపించెను. అంతర్యుద్ధపు దినములలో ఆ సిబ్బందిలో కొందరు హతులైరి. మిగిలినవారు బాంబుల మధ్యనే పనికి వచ్చిరి. తడిసిన పత్రములను ఎండబెట్టి, చిరిగిన వానిని అతికించిరి. వారు చేసినది పెద్ద పేరున్న పని కాదు. కాని మూడు శాఖలవారు ఒక బల్లవద్ద కూర్చుండి ఒకే దేశపు కాగితములను కాపాడిరి.

నియంతను పడగొట్టుటకు మూడు వారములు చాలెను. పొరుగువానిని నమ్ముట నేర్చుకొనుటకు తరములు పట్టును. ఆ నమ్మకమును ఏ సేనయు ఓడలలో తెచ్చి దింపజాలదు. అది బడిలో, పంచాయతిలో, అందరు కూర్చుండి ఒకే పత్రికను పంచుకొని చదువు చోట పుట్టవలెను. మన చదువుగదిలోని పొడవాటి బల్లకు ఇరుప్రక్కల ఏ వీధివారు కూర్చుందురో ఇరువదియైదేండ్లుగా ఎవరును అడుగలేదు. ఇకముందును అడుగకుండునట్లు చూచుకొనుట మన పని.