అడవి లెక్క: హైదరాబాద్ విశ్వవిద్యాలయం యాభై ఏళ్లు

ఒక విశ్వవిద్యాలయం పర్యావరణానికి ఏం చేసిందో తేల్చాలంటే ముందు దాని భూమి చరిత్ర చూడాలి. సౌర ఫలకాలు, తడి పొడి చెత్తడబ్బాలు ఆ తర్వాతి సంగతి. ఇందుకు కొండాపూర్ పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయమే సాక్ష్యం. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకం ప్రకారం 1974లో పుట్టిన ఈ సంస్థ, మొదట ఆబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. తర్వాత గచ్చిబౌలి దగ్గర 2,300 ఎకరాలకు పైగా నేల దక్కింది. అప్పటికి కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి ఊళ్లే. భవనాలకు ఆ నేలలో కొద్ది భాగమే చాలింది. మిగతాదంతా బండరాళ్లు, తుప్పలు, కుంటలు, వాటి నీడన జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు. తొలి పాతికేళ్లు ఆ అడవి నిలవడానికి కారణం దాన్ని ఎవరూ అడగకపోవడమే. ఆ ఘనతను ఏ పర్యావరణ విధానానికీ కట్టబెట్టలేం.

1998లో ఆ దగ్గర్లోనే ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకోగానే పరిస్థితి తిరగబడింది. కొండాపూర్ చుట్టూ ఎకరం ధర పెరిగేకొద్దీ, ఖాళీగా కనిపించే ప్రతి నేల మీదా ప్రభుత్వాల కన్ను పడింది. 2003లో ఇక్కడి 400 ఎకరాలను ఐఎంజీ భారత అనే క్రీడా సంస్థకు కేటాయించారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టు వ్యాజ్యం 2024 దాకా సాగింది. వ్యాజ్యం ముగిశాక అదే నేలను వేలం వేయడానికి రాష్ట్ర ప్రభుత్వం సిద్ధపడి, 2025 మార్చి చివర్లో యంత్రాలను దింపింది. విద్యార్థులు అడ్డుపడ్డారు, కొందరు అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకుని నరికివేత ఆపించేసరికే దాదాపు 100 ఎకరాలు బోసిపోయాయి.

ఇంత నష్టం వాటిల్లినా విశ్వవిద్యాలయాల పర్యావరణ ర్యాంకుల పట్టికలో అది ఎంత కనిపిస్తుంది? ఇండోనేషియా విశ్వవిద్యాలయం 2010 నుంచి ఇస్తున్న గ్రీన్‌మెట్రిక్ మార్కుల్లో 2024 నాటికి ప్రాంగణానికి 15 శాతం, ఇంధనానికి 21, వ్యర్థాలకు 18, రవాణాకు 18 ఉండేవి. ఖాళీ నేలను మొత్తం విస్తీర్ణంలో ఎంత శాతమో చూసి కొలుస్తారు. ఊహకు ఒక లెక్క: 2,000 ఎకరాల్లో 200 ఎకరాలు కట్టడాలైతే ఖాళీ 90 శాతం. 400 ఎకరాల అడవి చేజారినా అది 87.5 శాతానికే తగ్గుతుంది. ఒక కుంట, ఒక జింకల మంద, ఓ కొండగుట్ట పోయినా ఆ కొలతలో తగ్గేది రెండున్నర శాతం పాయింట్లే!

ఆ 400 ఎకరాలు రికార్డుల్లో ప్రభుత్వానివే, వాటి నష్టాన్ని విశ్వవిద్యాలయం ఖాతాలో ఎలా వేస్తారు అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే, కోర్టుల్లో ప్రభుత్వ వాదన నిలబడింది కూడా. అయితే నేల తన పేరు మీదికి మారకుండా దశాబ్దాలు గడవనివ్వడమే విశ్వవిద్యాలయం అసలు పర్యావరణ వైఫల్యమని నా అభిప్రాయం. హక్కు పత్రం లేనిచోట ఎన్ని మొక్కలు నాటినా వాటికి రక్షణ లేదు. తుప్పలను అడవి అంటారా అనే మాటకు జవాబు గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పులోనే ఉంది: యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా అడవే. దక్కను పీఠభూమి అడవి ఇలాగే ఉంటుంది, పొట్టి చెట్లతో, రాళ్లతో. ఉద్యోగాల కోసం ఈ నేల కావాలనేవారు చుట్టూ చూడాలి: కొండాపూర్‌లో కట్టడానికి ఇన్నేళ్లుగా నేల కరువవలేదు, కరువైంది చెట్టే. ఆ వైపు మిగిలిన పెద్ద పచ్చదనాల్లో కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఒకటి, ఈ ప్రాంగణం మరొకటి.

విద్యార్థులు, అధ్యాపకులు ఏళ్ల తరబడి రాసుకున్న పక్షుల, జంతువుల జాబితాలు కూడా 2025లో ఇక్కడ అడవి ఉందని చూపడానికి ఆధారమయ్యాయి. రాసి ఉంచిందే ఆధారమవుతుంది కాబట్టి ఈ ప్రాంగణాన్ని మూల్యాంకనం చేసేవారు 1975 నాటి పటం, నేటి పటం పక్కపక్కన పెట్టి, మధ్యలో పోయిన ప్రతి ఎకరం ఎవరి సంతకంతో పోయిందో నివేదిక మొదటి పేజీలోనే రాయాలి. కరెంటు బిల్లుల ఆదా రెండో పేజీలో రాసుకోవచ్చు.