సందూక్‌లో కాగితాలు

పండక్కి నల్లగొండ వెళ్తే మొదటిరోజు బాగానే గడుస్తుంది. అమ్మీ వండిన బగారా అన్నం, దాల్చా తింటాం. రెండోరోజుకి మాటలైపోతాయి. అబ్బా ఉర్దూ పేపర్లో, నేను తెలుగు పేపర్లో, పిల్లలు ఫోన్లలో. ఇంట్లో మాట ఒక్కటే, లిపులు రెండు. "ఇత్తే దూర్ సే ఆకో పేపర్ పడ్తే బైట్‌గయే" అని అమ్మీ గొణుగుతుంది.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. వెనకాలే జాతీయ పౌర పట్టిక కూడా వస్తుందన్న భయంతో ఆ చలికాలం మన ఇళ్లల్లో ఎన్ని పెట్టెలు తెరుచుకున్నాయో! మా అబ్బా కూడా అటక మీంచి తాత సందూక్ దించాడు. వెతికింది రుజువు కోసం. బయటపడింది చరిత్ర.

నిజాం రాజ్యంలో 1880ల నుంచి ఫార్సీ పోయి ఉర్దూ రాజభాష అయింది. కచేరీ కాగితాలు షికస్తాలో రాసేవాళ్లు. చుక్కలు వదిలేసి, అక్షరాలు కలిపేసే గొలుసుకట్టు రాత అది. అచ్చు ఉర్దూ గడగడా చదివే నాకు ఒక్క వాక్యం కూడా తెగలేదు. వకీలు దగ్గర మున్షీగా బతికిన అబ్బాకి అది చేతిలోని పని. ఆయన చదివేవాడు, నేను తెలుగులో రాసుకునేవాణ్ణి. తేదీలన్నీ ఫస్లీలో. 1355 ఫస్లీకి 590 కలిపితే 1945. ఆ లెక్క మా అమ్మాయిది. రైతు, జిల్లా, వసూలు, జామీను, దస్తావేజు. "ఇవి ఉర్దూ మాటలా, తెలుగు మాటలా?" అని అమ్మాయి అడిగితే ఇద్దరం తడుముకున్నాం.

సాయిబులంటే ఒకప్పుడు ఏలినవాళ్లని బళ్లో, బజార్లో వింటూ పెరిగాం. మనవాళ్లు కొందరు ఆ మాటకి మీసం దువ్వారు కూడా. మా సందూక్‌లో ఉన్నది మూడెకరాల చెలక, దానిమీద షావుకారు అప్పు. మా తాత గల్లీని కూడా ఏలలేదు.

1357 ఫస్లీ దగ్గర కాగితాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఉన్నది 1954-55 ఖాస్రా పహాణీ నకలు. అందులో తాత పేరు లేదు. అబ్బా చదవడం ఆపేశాడు. అప్పుడు తలుపు దగ్గర బియ్యం ఏరుతున్న అమ్మీ నోరు విప్పింది. 1948 సెప్టెంబరులో ఊరు వదిలి పారిపోయారట. నెలల తర్వాత తిరిగొస్తే చెలకలో ఎవరిదో నాగలి నడుస్తోందట. మా దాదీ తనకి చెప్పిందట. నలభై ఏళ్లొచ్చిన నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

రజాకార్ల దౌర్జన్యాలు పుస్తకాలకెక్కాయి, ఎక్కాలి కూడా. వాళ్లతో సంబంధం లేని బీద సాయిబు మీద పడ్డ దెబ్బ మాత్రం చాలాకాలం మరుగునే ఉంది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. మరి పోయిన చెలకల లెక్క ఎవరు కట్టారు?

2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. సంతోషమే. కానీ షికస్తా చదివే ముసలి మున్షీలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. "మేరే బాద్ కౌన్ పడ్తా రే?" అని అబ్బా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ప్రతి పండక్కీ ఓ కట్ట విప్పుతున్నాం. మనవరాలు ఆయన పక్కన అలీఫ్, బే దిద్దుతోంది. ఇంకా సగం పెట్టె మిగిలే ఉంది.

మీ ఇంట్లోనూ ఓ సందూక్ ఉండే ఉంటుంది. ఏ ఆఫీసువాడో అడిగేదాకా ఆగకండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు అబ్బాతో చదివించుకోండి. అమ్మీని కూడా పిలిచి పక్కన కూచోబెట్టుకోండి. కాగితం ఆగినచోట చెప్పగలిగేది ఆమే.