ఊళ్లో వాన లేకున్నా వాగు ఎందుకు పొంగుతుంది? గుట్టల మధ్య ఊళ్లవాళ్లు ఏం చేయాలి?

రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి మండలంలో అడవి, గుట్టలు, వాటి మధ్య తండాలు ఎక్కువ. ఇలాంటి చోట పొద్దున మోకాలి లోతు లేని ఒర్రె మధ్యాహ్నానికి మనిషిని లాక్కెళ్లేంతగా పారొచ్చు. దీన్నే ఆకస్మిక వరద అంటారు. వాన పడ్డ ఆరు గంటల లోపే, ఒక్కోసారి గంటలోపే ఇది ముంచుకొస్తుంది.

ఎందుకింత వేగం?

గుట్టల మీద నేల వాలుగా, రాతిగా ఉంటుంది. నీళ్లు ఇంకే లోపే కిందికి జారి, చుట్టుపక్కల వాననంతా ఒకే వాగులోకి చేరుస్తాయి. వరుస వానలకు నేల తడిసి, చెరువులు మత్తడి దూకుతున్నప్పుడు చిన్న వాన చాలు. పైన ఏదైనా కుంట కట్ట తెగితే హెచ్చరికకు కూడా సమయం ఉండదు. అందుకే మీ ఊళ్లో ఎండ కాస్తున్నా పైన కురిసిన వాన మీ వాగులోకి రావచ్చు.

మన దగ్గర ఇలా జరిగిందా?

2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లాలో కుండపోత కురిసింది. అర్గొండలో వాన 40 సెంటీమీటర్లు దాటింది. ఆ వరదల్లోనే గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర, ఎగువ మానేరు ప్రాంతంలో ఐదుగురు రైతులు వాగు అవతల చిక్కుకుపోయారు. వారిని మరుసటి రోజు హెలికాప్టర్‌లో బయటకు తెచ్చారు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పుడే పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ల పైకెక్కి సాయం కోసం ఎదురుచూశారు.

ఏ సంకేతాలు చూడాలి?

వాగు నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకు మారడం, కొమ్మలు, చెత్త కొట్టుకురావడం, ఎగువ నుంచి హోరు వినిపించడం. వీటిలో ఏది కనిపించినా వాగులో నుంచి, ఒడ్డు నుంచి వెంటనే ఎత్తు మీదికి వెళ్లండి. వాగు వెంట కిందికి పరుగెత్తొద్దు, పక్కకు ఎక్కండి.

వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే వెంటనే జాగ్రత్తపడండి అని అర్థం. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అతి తీవ్రమైన భారీ వర్షంగా లెక్కిస్తారు. ఫోన్‌లో ‘సచేత్’ యాప్ ఉంటే మీ ప్రాంతానికి సంబంధించిన హెచ్చరికలు వస్తాయి.

వంతెన మీద నీళ్లు పారుతుంటే?

దాటొద్దు. రోజూ పోయే తోవే కదా అన్న ధీమాతోనే చాలామంది లోలెవల్ వంతెనల దగ్గర ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆరంగుళాల ఉద్ధృతికే నిలబడ్డ మనిషి పడిపోవచ్చు. అడుగు లోతు నీళ్లు చిన్న కారును, రెండడుగుల నీళ్లు చాలా వాహనాలను తోసేస్తాయి. నీళ్ల కింద రోడ్డు కోసుకుపోయిందేమో పైకి కనిపించదు. ముందు బండి దాటింది కదా అని మీరూ దిగొద్దు.

ముందుగా చేసుకోవాల్సినవి

* రాత్రిపూట అయినా చేరుకోగల ఎత్తైన చోటును, వాగు దాటాల్సిన పని లేని తోవను ఇంట్లో అందరికీ చూపించండి.
* ఆధార్, పాసుబుక్కు, మందులు, టార్చి ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి.
* నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్ రోగులను వాగు పొంగక ముందే మండల కేంద్రానికి లేదా సిరిసిల్లకు చేర్చండి.
* హెచ్చరిక ఉన్నప్పుడు పశువులను వాగు అవతల కట్టేయొద్దు. మోటారు కోసం, పశువుల కోసం వరదలోకి దిగొద్దు.

ఎవరైనా చిక్కుకుంటే?

112కు గానీ, జిల్లా విపత్తు నిర్వహణ నంబరు 1077కు గానీ ఫోన్ చేయండి. ఊరు, వాగు పేరు, ఎంతమంది ఉన్నారో చెప్పండి. ఈత వచ్చినా నీళ్లలోకి దూకొద్దు. ఒడ్డు నుంచే తాడు, పొడవాటి కర్ర, ట్యూబు అందించండి. కొట్టుకుపోతున్నవారు వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం పోయే వైపు ఉంచితే తల బండలకు తగిలే ముప్పు తగ్గుతుంది.

వాన తగ్గాక గుట్టల వాగులు చాలాసార్లు కొన్ని గంటల్లోనే దిగిపోతాయి. అప్పటిదాకా ఒడ్డునే ఆగితే ఆ రోజు కూలీయో, పెళ్లి విందో పోతుంది. ఆగకపోతే పోయేది ప్రాణం.