పాత యంత్రముల పట్టువిడుపులు

ఢిల్లీ చాణక్యపురిలో 1977లో జాతీయ రైలు మ్యూజియము వెలసినది. సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని అక్కడకు పోని ఉద్యోగి కుటుంబము అరుదు. ఆ మ్యూజియమునకు పేరు తెచ్చిన యంత్రములలో 'ఫెయిరీ క్వీన్' ముఖ్యమైనది. 1855లో ఇంగ్లాండులోని లీడ్సు నగరమున కిట్సన్, థాంప్సన్, హ్యూయిట్‌సన్ కంపెనీవారు దీనిని నిర్మించిరి. ఆ సంవత్సరమే ఇది కలకత్తా చేరి ఈస్ట్ ఇండియన్ రైల్వే కొలువులో ప్రవేశించినది. హౌరా–రాణీగంజ్ నడుమ తపాలా బండ్లను లాగినది. 1857 తిరుగుబాటు కాలమున సైనికులను మోసినది. 1909లో విశ్రాంతి పొందినది. పిమ్మట హౌరాలో అరుగుపై బొమ్మవలె నిలిచి, 1943లో చందౌసీ రైల్వే శిక్షణాలయమునకు తరలి, తుదకు ఢిల్లీ చేరినది. అట్టి యంత్రము పెరంబూరు కర్మాగారమున మరమ్మతు పొంది, 88 సంవత్సరముల మౌనము వీడి, 1997 జూలైలో మరల పట్టాలపై కదలినది. నడచుచున్న ఆవిరి యంత్రములలో అతి ప్రాచీనమైనదని 1998లో గిన్నిసు గ్రంథమున కెక్కినది.

ఈ కథ విన్నవారికి ఒక సందేహము కలుగక మానదు. దశాబ్దములపాటు వానకు, ఎండకు, తేమకు ఓర్చిన ఇట్టి యంత్రములను, భాగములు ఒకదాని నొకటి పట్టుకొని బిగుసుకొనిపోయిన పిమ్మట, కదలించుట యెట్లు?

మొదట ఆ పట్టు ఎట్లు కలుగునో తెలిసికొనవలెను. ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను తేమతోను కలిసి తుప్పుగా మారును. ఆ తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించును. నట్టుకు బోల్టుకు నడుమ మరచుట్లలో ఉండు సందు వెంట్రుకవాసి మాత్రమే. ఇరువైపుల తుప్పు పెరిగి ఆ సందు నిండినంతనే రెండును ఒక్కటియే అయినట్లు బిగిసిపోవును. సిలిండరు గోడకు, పిస్టన్ చుట్టునున్న వలయములకు పట్టు గతియు ఇదియే. ఎన్నడో పోసిన నూనె జిగురువలె గట్టిపడి దానికి తోడగును.

ఇట్టి చోట తొందరపాటే ప్రథమ శత్రువు. పెద్ద స్పానరు తగిలించి బలముకొలది త్రిప్పినచో బోల్టు తెగును. సుత్తితో గట్టిగా మోదినచో పోత ఇనుము పగులును. తెగినదాని స్థానమున క్రొత్తది వేయరాదా యని ఆక్షేపింపవచ్చును. మరచుట్లకు ఏకరూపమైన కొలతలను జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించినాడు. అంతకు పూర్వము ఏ కర్మాగారపు కొలత దానిదే. ఆ తరువాతను కొంతకాలము అట్లే సాగినది. కాబట్టి నాటి బోల్టు నాటి పనివాని చేతివ్రాలు వంటిది. కచేరీలలో పనిచేయువారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. దస్త్రములోని అసలు కాగితము చినిగిన పిదప, ఎంత చక్కని నకలు వ్రాసి పెట్టినను అది నకలే గాని అసలు కాదు.

అందుచేత అనుభవజ్ఞులైన పనివారు మెత్తని ఉపాయములతో ఆరంభింతురు. పలుచని నూనెను, కిరసనాయిలు కలిపిన నూనెను కీళ్ళపై పోసి దినముల తరబడి నాననిత్తురు. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్లే, సన్నని సందులు ఆ నూనెను లోనికి పీల్చుకొనును. ఈ పనికి నేడు లోకమెల్ల వాడు 'డబ్ల్యు.డి.-40' అను ద్రవము 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో పుట్టినది. నీటిని తొలగించు మిశ్రమము నలువదవ ప్రయత్నమున కుదిరినందున దానికి ఆ పేరు వచ్చినది. మొదట అట్లాస్ క్షిపణుల పైరేకును తుప్పునుండి కాపాడుటకై దానిని వాడిరి.

నూనె నానిన పిదప తేలికగా తట్టుదురు. ప్రతి చిన్న దెబ్బకు తుప్పు బీటలువారి, నూనెకు దారి యిచ్చును. పిమ్మట విప్పుటకు ముందు నట్టును రవంత బిగింతురు. ఇది వింతగా తోచును గాని, బిగించు దిశగా కదలినను పట్టు సడలినట్లే.

ఇంకను లొంగనిచో నిప్పు సాయము కోరుదురు. ఈ రహస్యము తెలుగుపల్లెలోని కమ్మరికి క్రొత్త కాదు. బండిచక్రమునకు ఇనుపపట్టా ఎక్కించునపుడు దానిని ఎర్రగా కాల్చి, వ్యాకోచించినపుడు తొడిగి, నీరు పోసి బిగించును. బిగించిన వేడియే విడిపించుటకును పనికివచ్చును. 100 మిల్లీమీటర్ల వ్యాసముగల ఇనుపవలయము 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరిగినపుడు సుమారు 0.12 మిల్లీమీటరు విరియును. అది ఒక కాగితపు మందము. కాని తుప్పు పగులుటకు అంత చాలును. పోత ఇనుమును ఒకేచోట కాల్చినచో పగులును గనుక, వేడిని నెమ్మదిగా, నలుదిక్కుల సమముగా తగిలింపవలెను. నూనె తడి యున్నచోట మంట పెట్టరాదు.

పిస్టన్ విషయమున ఒత్తిడి మేలైన సాధనము. సిలిండరును మూసి, పంపుతో గ్రీజును లోనికి నెట్టుదురు. 12 అంగుళముల వ్యాసముగల పిస్టన్‌పై చదరపు అంగుళమునకు 100 పౌన్ల ఒత్తిడి కలిగించినచో మొత్తము అయిదు టన్నుల బలమగును. సుత్తిదెబ్బ ఒక్కచోటనే పడును. ఈ బలము అంతటను సమముగా వ్యాపించును. అందుచే పగుళ్ళ భయము తక్కువ.

ఇంత ఓర్పు ఎందులకన్న ప్రశ్నకు ఫెయిరీ క్వీన్ చరిత్రయే సమాధానము చెప్పినది. 2011లో దొంగలు ఆ యంత్రపు భాగములు పెక్కింటిని అపహరించిరి. మరల పెరంబూరు చేరి, మరమ్మతు పొంది, 2017లో గాని అది తిరిగి ప్రయాణికులను మోయలేదు. తుప్పు పట్టిన భాగము కనీసము అక్కడనే యుండును. ఓర్పుతో అడిగినచో నేడో రేపో విడివడును. పోయినదానికి, తొందరపడి విరిచినదానికి మాత్రము నకలే గతి.

బాయిలరులో నిప్పు వేయుటకు పూర్వమే, గడ్డపార ఆనించి చక్రమును చేతితో కొంచెము కదలింతురు. ఏండ్లుగా కదలని చక్రము జానెడు దూరము తిరిగినపుడు ఒక చిన్న కిఱ్ఱుమను ధ్వని పుట్టును. పిదప వినబడు ఈల జనులందరు ఆనందించునది. ఆ చిన్న ధ్వని మాత్రము ఓర్పుతో నిలిచిన పనివారికే దక్కును.